మైకుసెట్టు మస్తానయ్య వాంగ్మూలం

గంటకి రెండొందలు, ఆటోతో అయితే ఆరొందలు.
చావుకి సగం. పెళ్లికి బేరం లేదు.
ముప్పయ్యేళ్లుగా విడవలూరు చుట్టుపక్కల
ఎవరి గొంతు ఎంత దూరం పోవాలో
తేల్చింది నా పెట్టె.
మాట మంచిదా చెడ్డదా అని
రాగితీగ ఎప్పుడూ అడగలేదు.
నేనూ అడగలేదు.

ఆ కార్తీకంలో రొయ్యలగుంటల కోదండం వచ్చాడు.
మూడు రోజులకి అడ్వాన్సు,
కాయితం మీద ఒకటే ముక్క:
"అంగన్‌వాడీ రూతమ్మ పిల్లల గుడ్లు అమ్ముకుంటోంది."
చదివాను.
పాలెంలో, అరుంధతివాడలో, కరకట్ట దాకా.
మధ్యలో టీ తాగి మళ్లీ చదివాను.
తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లల్ని
తల్లుల చేతికి చేర్చిన గొంతు ఇదే.

మూడోరోజు రూతమ్మ ఆటోకి అడ్డం నిలబడింది.
"ఇదిగో స్టాకు రిజిస్టరు. లెక్క చూడండి.
తప్పుంటే స్టేషన్లో పెట్టండి.
లేకుంటే ఇదే మైకులో లేదని చెప్పండి."
అరవలేదు. శాపం పెట్టలేదు.
కోదండం బుల్లెట్టు దిగకుండానే అన్నాడు:
"భావ ప్రకటనా స్వేచ్ఛమ్మా, రాజ్యాంగం ఇచ్చింది.
నా నోరు నొక్కడానికి నువ్వెవరు?"
ఎవరు నొక్కారు?
ఒక చేతిలో తెరిచిన రిజిస్టరు,
ఒక చేతిలో గొడుగు.
నొక్కడానికి మూడో చెయ్యేదీ?

అంతకు నెల ముందు ఆమె
బోరు నీళ్లు సీసాకి పట్టి నెల్లూరు పంపింది.
గుంటల ఉప్పు ఊరి కిందికి దిగిందని కాయితం వచ్చింది.
నాకు తెలుసు. ఊరికీ తెలుసు.
ఆ కాయితం మాత్రం
నా చేతికిచ్చి చదవమన్నవాళ్లు లేరు.

జెండా పండగ రోజు గ్రామసభ. మైకు నాదే.
పామంజి నరసమ్మ లేచింది.
చేపల గంప మోసి మోసి బిగిసిన మెడ.
మైకు పట్టుకోవడం తెలీక
చంటిబిడ్డని పట్టినట్టు రెండు చేతులా పట్టుకుంది.
"నీళ్లు ఉప్పగా ఉండాయి సార్.
నాలుగు గంటలు మంట పెట్టినా పప్పు ఉడకడంలా.
ఆ గుంటలకి సంతకం పెట్టిందెవురంటే..."

స్టేజీ మీద రెండు వేళ్లు కిందికి తిరిగాయి.
పాటకచేరీల్లో నాకు అలవాటైన సైగే.
గుండీ ఎడమకి తిప్పాను.

పెదాలు కదులుతుండాయి.
మైకు చెడిందనుకుంది పాపం. ఊదింది. తట్టింది.
"మస్తానన్నా, రావడంలా" అనింది నాతోనే.
నేను వైర్లు సర్దుతున్నట్టు వంగాను.
"ఇంకా చెప్పలా సార్, ఇంకా ఉండాది..."
జనగణమన పెట్టమన్నారు.
పెట్టాను, ఫుల్లు సౌండు.
అందరితోపాటు ఆమె కూడా
నోరు మూసుకుని నిటారుగా నిలబడింది.

కోదండానికి నోటికొచ్చిన ఆ పెద్దమాట
నరసమ్మకి పలకను కూడా రాదు.
ఆ రెండు రోజుల్లోనూ
దాని అవసరం పడింది ఆమెకొక్కదానికే.

రాత్రిళ్లు నిద్ర రాదు.
కోదండం నోరు మూయమని నేననను.
నోళ్లు మూసే గుండీ చేతికొస్తే
మనిషి ఏం చేస్తాడో నన్ను నేను చూసుకున్నా గదా.
వాడు మాట్లాడనీ.
మాట్లాడి, బండి దిగి, కాసేపు నిలబడనీ.
జవాబు చెప్పవచ్చినామెని
సంకెళ్లు తెచ్చిందనకుంటే చాలు.

మొన్న మళ్లీ వచ్చాడు, ఎలక్షన్లని.
"ఈసారి రెండు మైకులు తీసుకోవాల" అన్నాను.
"రెండోది ఎవురికి?"
"అడిగేవాళ్లకి."
నవ్వాడు. అల్లూరులో సెట్లకేం కొదవ,
అక్కడికి పోయాడు.

ఆ గుండీ ఇప్పుడు వదులైంది.
ఎంత కుడికి తిప్పినా
ఒక గీత వెనక్కి జారుతుంది.
రిపేరుకి ఇవ్వలేదు.

నరసమ్మ ఇంటికి పోయి అడగాలి,
ఆ సంతకం ఎవరిదని.
ఇంకా పోలేదు.