అదే అర

వనపర్తి పల్లికాయ యార్డుల
పేర్లు కొట్టే పని నాది.
"కుర్మక్క" అని కొడితే
నలభై మూడో అర.
నిన్న అదే.
కరెంటు పోయొచ్చినంక అదే.
గద్వాల మిషన్ల కొట్టినా అదే.

"నన్ను యాది పెట్టుకున్నదా బిడ్డా?"
లేదక్కా, దానికి యాది లేదు.
ప్రతిసారి మొదటినుంచి లెక్కబెట్టి
మళ్ల ఆడికే వస్తది.
నలభై మూడు ఎవరిదంటే మాత్రం
నోరిప్పది.

ఈసారి పైసలు పడలే.
పాసుబుక్కుల చూస్తే
ర కు ఒక్క కొమ్ము మొలిచింది,
కురుమక్క.
అది పదకొండో అర.
ఖాళీ.

కుర్మక్క నవ్వింది.
"అవ్వ కుర్మీ అనేది,
మొగడు ఏమేవ్ అనేటోడు,
సర్కారు తీరుకొకటి రాసె.
ఇదే నయం.
ఒక్కతీరు పిలిస్తే
ఒక్కతీరు పలుకుతది."

కొమ్ము తీసి
మళ్ల కొట్టిన.