అద్దె చేతులు

నా పని ఓడిపోవడం.
జీతమని లేదు. మూడు పూటలా అన్నం, కిమ్చీ,
రెండంతస్తుల మంచంలో పై అరుగు.
సియోల్‌లో, యోంగ్సాన్ స్టేషన్ వెనక, ఆ టీమ్ ఇంట్లో
పదకొండు మందిమి, ఒకటే బాత్‌రూమ్.
పేపర్లో ఫొటో పడేది ఒక్కడిదే,
మా తక్ మంజేది.

మంజేకి శనివారం ఎవరితో పోటీ అయితే
సోమవారం నుంచి నేను వాణ్ని.
వాడి పాత ఆటలు చూసి చూసి
ఎన్నో సెకనులో బారకులు కడతాడో,
ఎక్కడ తొందరపడతాడో, ఎక్కడ జంకుతాడో
అన్నీ వేళ్లకి ఎక్కించుకునేవాణ్ని.
రోజుకి ముప్పై ఆటలు.
ముప్పైసార్లు నా కోట నా కళ్లముందే తగలబడేది.
మంజే ఎక్కడ ఆలస్యమయ్యాడో
కోచ్ ప్యో బోర్డు మీద రాసేవాడు.
నేనెక్కడ చచ్చానో రాసేసరికి
సుద్దముక్క అయిపోయేది.

ఫిబ్రవరి. కిటికీకి లోపలివైపు కూడా మంచు.
ముట్టుకుంటే కీబోర్డు కొరికేది.
జేబులో వేడి పొట్లం పిసుక్కుంటూ
ఆ బుధవారం రాత్రి ఇరవై ఏడో ఆట.

ఎందుకో తెలీదు.
మూడో నిమిషంలో ఒక కూలీని గనిలోంచి లేపాను.
ఆయుధం లేదు వాడికి.
రాళ్లు కొట్టడం, మొయ్యడం, అంతే వచ్చు.
నల్లటి మంచులోకి తోలాను.
వాడు నడిచినంత మేరే మ్యాప్ తెల్లారేది,
దాటగానే వెనక చీకటి మూసుకునేది.
మంజే కోట వెనక, కొండ అంచున,
ఎవరూ ఏమీ కట్టని మూల
గుట్టుగా ఒక బారకు లేపించాను.
తొమ్మిదో నిమిషానికి అతని గనుల్లో నా మనుషులు.

మంజే మౌస్ వదిలేసి వెనక్కి వాలాడు.
తెర మీద రెండక్షరాలు పడ్డాయి. ఓడానని.
ఆ ఇంట్లో నాకొచ్చిన మొదటి ఉత్తరం అది.

కోచ్ నా కుర్చీ వెనకే ఉన్నాడు.
"ఏంటిది?"
"తోచింది, ఆడాను."
"వాడిలా ఆడడు.
నువ్వు నీలా ఆడితే మాకేం లాభం?"
ఆ ఆటని లెక్కలోంచి కొట్టేశాడు.
ఇరవై ఏడు మళ్లీ ఆడించాడు.
ఓడాను.

శనివారం, ఇంచియాన్ హాలు.
ఆరువేల మంది, చప్పుడు చేసే గాలి కర్రలు.
చిట్టచివరి వరసలో మేం,
సైజు దొరక్క పొట్టి చేతుల టీమ్ జాకెట్లలో.
ఐదో ఆట.
పెద్ద తెర మీద జనానికి రెండు వైపులూ కనిపిస్తాయి.
ఆడేవాడికి తను వెలిగించుకున్నంతే.

అవతలి కుర్రాడు,
ఐదు రోజులు నేనే అయినవాడు,
మూడో నిమిషంలో
ఒక కూలీని గనిలోంచి లేపాడు.

నా నోరు ఎండిపోయింది.
కొండ అంచు. ఆ మూల.
జనం అరుస్తున్నారు,
గాజుగదిలో మంజేకి ఏమీ వినపడదు.
కాసేపు అతని చెయ్యి కదల్లేదు.
తర్వాత తన కూలీనొకణ్ని పిలిచి
ఊరికే, చూసి రమ్మన్నట్టు,
ఎవరూ ఏమీ కట్టని ఆ మూలకి పంపాడు.

కప్పు పట్టుకుని మైకులో
వాళ్ల అమ్మకి, కోచ్‌కి, నూడుల్స్ కంపెనీకి
దండాలు చెప్పాడు మంజే.
తిరుగు బస్సులో నా పక్కన కూచున్నాడు.
ఏమీ అనలేదు.
తన వేడి పొట్లం తీసి నా జేబులో వేశాడు.
అప్పటికే చల్లారిపోయింది అది.

ఇప్పుడు బుచియాన్‌లో చికెన్ డెలివరీ.
కుడి మణికట్టు మీద కుట్ల గీత,
వాన పడితే సలుపు.
ఆర్డర్లు లేని రాత్రుల్లో నెట్ సెంటర్లో
గంటకి వెయ్యి వోన్లు కట్టి కూచుంటాను.
ఎవరిలా ఆడమంటావు, అని
వేళ్లు ఇంకా అడుగుతూనే ఉంటాయి.
కొన్నిసార్లు జవాబు చెప్పకుండా
ఒక కూలీని లేపుతాను.

ఈ రాత్రి వాడు కొండ అంచుకి చేరాడో లేదో
ఫోన్ మోగింది.
రెండు కోళ్లు, ఒక ముల్లంగి పచ్చడి,
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
రెండక్షరాలు కొట్టాను.

'నువ్వేగా గెలుస్తున్నావు,
ఎక్కడికి?' అని అడిగాడు
అవతల ఎవరో చిన్నపిల్లాడు.

హెల్మెట్ లోపల
ఇందాకటి వాన ఇంకా ఆరలేదు.