ఆరో రంగు

లడింగ్టన్ రేవు గోడ దాటాక
ఆర్విడ్ ఇంజను గొంతు తగ్గిస్తాడు.
గంటకు రెండు మైళ్లు.
పసిపిల్ల వేలు పట్టుకుని నడిచేంత వేగం.
మే నెలే అయినా వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
మిషిగన్ సరస్సంతా సీసం రంగు,
మేం వదిలే దారం కడుపులోనూ సీసమే.

పది గజాలకోసారి రంగు మారుతుందా దారం.
ఎరుపు జారింది. నేను "లాభం" అన్నాను.
పసుపు. "రెండు."
నీలం. "మూడు."
మొదటి మాటకి అర్థమేమిటని అడిగాడు.
ఒకటి అనే, కాకపోతే
ధాన్యం కొలిచేవాళ్లు ఒకటితో మొదలెట్టరు, అన్నాను.
అరవై ఎనిమిదేళ్ల మనిషి, బుర్ర ఊపి
ఆ మాటని బుగ్గన పెట్టుకున్నాడు.

రంగుకి ఐదడుగులట.
ఆరు రంగులకి ముప్పై.
"అయితే గాలం ముప్పై అడుగుల లోతులో ఉందా?"
"ఉండాలి" అన్నాడు.

చుక్కాని పక్క చెక్క మీద పెన్సిలు రాతలు:
రంగులెన్ని, వేగమెంత, గాలి ఎటు, లోతెంత.
ప్రతి లోతు పక్కనా ఒక ప్రశ్నార్థకం.
అంకెల కంటే అవే కుదురుగా ఉన్నాయి.

వారానికి ఐదు రోజులు నా పనీ లోతులు చదవడమే.
చీకటి గదిలో, మనుషుల పొట్టల మీద చల్లటి జెల్ రాసి,
కాలేయం అంచు, పిత్తాశయంలో రాయి,
ఆరు సెంటీమీటర్లు, ఆరున్నర.
ఊపిరి బిగబట్టండి అంటాను.
ఒళ్లు ఆగుతుంది, తెర మీద అంకె ఆగుతుంది.
నా రిపోర్టులో ప్రశ్నార్థకానికి గడి లేదు.

పడవలోనూ ఒక తెర ఉంది.
సరస్సు అడుగుని చూపిస్తుంది,
నడుమ వేలాడే చేపల్ని గోటి చీలికల్లా చూపిస్తుంది.
నా గాలాన్ని మాత్రం చూపించదు.
అదెక్కడో వెనక, అరవై గజాల అవతల,
తెరకి వీపు వైపున్న నీళ్లలో.
ఊపిరి బిగబట్టమందామంటే
ఈ నీళ్లు ఎవరి మాటా వినే రకం కాదు.

పడవ ఎడమకి తిరిగితే
ఎడమ దారం బద్ధకించి మునుగుతుంది,
కుడిది పరుగెత్తి తేలుతుంది.
ఎదురు నీటికో లెక్క, వాలు నీటికో లెక్క,
గాలానికి పోచంత నాచు తగులుకుంటే
ఏ లెక్కా లేదు.

"సరిచూద్దాం పట్టు" అని ఒడ్డు వైపు తిప్పాడు.
తెర మీద అడుగు పైకి లేస్తోంది.
నలభై రెండు. నలభై. ముప్పై ఎనిమిది.
నా లెక్కన ముప్పై దగ్గర తగలాలి.
ముప్పై ఆరు దగ్గరే
గెడ తలూపింది.
టక్.
మళ్లీ, టక్ టక్,
కింది వాటావాళ్లు కర్రతో కప్పు పొడిచినట్టు.

"ఆరడుగులు తప్పాను."
"తొమ్మిది" అన్నాడు ఆర్విడ్.
"ముప్పై ఆరు మన కిందిది.
గాలం ఉన్నచోట మనం లేం. నిమిషం కిందట ఉన్నాం.
అప్పుడు తెర మీద ఎంతుంది?"
ముప్పై తొమ్మిది.
చూశాను కూడా. చూసి వదిలేశాను.

ఆరు రంగులూ వెనక్కి చుట్టాను.
చేప లేదు.
వెండి రేకు పొట్ట మీద కొత్త గీత,
కొక్కేనికి గోరంత ఆల్చిప్ప.
అరచేతిలో పెట్టుకుంటే
ఎవరో ఇప్పుడే నోట్లోంచి తీసి ఇచ్చినంత చల్లగా, తడిగా.

ఆర్విడ్ చెవి మీది పెన్సిలు తీశాడు.
ఆరు రంగులు. ముప్పై తొమ్మిది.
ప్రశ్నార్థకం దగ్గర చెయ్యి ఆగింది.
నా చేతిలోని చిప్ప వంక చూశాడు.
అయినా పెట్టాడు. కాస్త చిన్నది.
"సాయంత్రానికి గాలి మారుతుంది" అన్నాడు, సంజాయిషీలా.

చిప్పని ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికి,
అంటే, దాదాపు అక్కడికి, విసిరేశాను.
గాలం మళ్లీ నీళ్లలో పడింది.
ఎరుపు జారుతోంది.
"లాబమ్" అన్నాడు ఆర్విడ్.