బల్ల కింద

లక్క, స్పిరిటు, పాత లుంగీగుడ్డ.
ఇంతే మా ఫ్రెంచి పాలిష్.
దానికా పేరెందుకొచ్చిందో
యానాంలో ఎవరూ అడగరు.

కెర్వాల్ దొరసాని కబురంపింది.
ఇరవైనాలుగు మంది కూర్చునే బల్ల,
సింహం కాళ్ళది.
నాంతు రేవులో ఓడెక్కి వచ్చిందని
వాళ్ళ తాత చెప్పగా
ఊరంతా చెప్పుకునే బల్ల.
శనివారం బేరం. ఆలోగా మెరవాలి.

కొనేవాడు సంగాడి తాతారావు.
చిన్నప్పుడు భైరవపాలెం పాయలో
దోమతెరతో రొయ్యపిల్ల పట్టి
వందకింతని అమ్మినవాడు.
ఇప్పుడు ముప్పై చెరువులు.
జపానువాళ్ళు ఫోన్లో
అతని పేరు సరిగ్గా పలుకుతారట.
దొరసాని మాత్రం వంటమనిషితో
"మిస్యే రొయ్య" అంటుంది.

ఆగలేక శుక్రవారమే వచ్చేశాడు.
నేనప్పటికి బల్ల కిందున్నాను,
సింహం వేళ్ళ సందుల్లో చెదలమట్టి గీకుతూ.
మాటలు పైన. కింద నాకు పాదాలే.
ఆవిడవి పట్టుచెప్పులు,
మడమ దగ్గర వేరే రంగు దారంతో కుట్టినవి.
అతనివి వట్టి పాదాలు.
ఎవరూ విప్పమనకుండానే
బూట్లు గుమ్మం బయట విప్పొచ్చాడు.
గోళ్ళలో చెరువు నలుపు,
లక్షలు పోసి కడిగినా పోనిది.

"మా వంశం" అంటూ ఆవిడ
ఏ రాజుగారి వేటకుక్కల దగ్గరో మొదలుపెట్టింది.
ఆవిడ గుక్క తిప్పుకునే దాకా ఆగి
"ఎంతమ్మా?" అన్నాడతను.
చెప్పులోంచి ఆవిడ కాలొకటి జారి
చల్లటి గచ్చును వెతుక్కుంది.

నేను టార్చి వేసింది అప్పుడే.
పైచెక్క అడుగున, పాలిష్ ఎన్నడూ ఎరగనిచోట,
ఉలిమొనతో చెక్కిన తెలుగు:
కమ్మోజు లక్ష్మయ్య. ప్రమోదూత, మాఘం.
నాలుగు రూపాయిలు రావాలి.

కమ్మోజు మా ఇంటిపేరు.
లక్ష్మయ్య మా తాతకి తాత.
అంటే నాంతు లేదు, ఓడ లేదు.
ఎగువ మన్యంలో కొట్టి, తెప్ప కట్టి
వరదలో వదిలితే
గౌతమి మోసుకొచ్చి రేవులో పడేసిన టేకు.
సింహాన్ని ఎప్పుడూ చూడనివాడు
వీధికుక్కని కూర్చోబెట్టి చెక్కుంటాడు.
అదీ సంగతి, గోళ్ళు లోపలికి ముడుచుకోవు.

ఈ ఏడూ ప్రమోదూతే,
రెండు అరవైలు తిరిగొచ్చింది.
ఒక్క కేక వేస్తే చాలు,
లక్షన్నర బేరం పదివేలకి దిగుతుంది.
ఒక వంశం కూడా కాస్త దిగుతుంది.
నా నోట్లో ఇత్తడిమేకుంది. అలాగే ఉంచుకున్నాను.

ఆవిడ మీద జాలి అంటుంది మా ఇంటిది.
కాదు.
దూరం నుంచొచ్చిందనే అతను కొంటున్నాడు,
దూరం నుంచొచ్చిందనే ఆవిడ ధర చెబుతోంది.
ఇన్నేళ్ళు ఇంతమందిని నమ్మించింది
మా లక్ష్మయ్య చెయ్యి.
ఆ పనితనాన్ని నేనెందుకు పాడుచేస్తాను?

బేరం కుదిరింది. లారీ మాట్లాడారు.
దొరసాని నా బిల్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది.
లక్క, స్పిరిటు, నాలుగు రోజుల కూలి,
అడుగున నేను కలిపిన వరస:
పాత బాకీ, నాలుగు.

"ఇదేంటి?" అన్నాడు తాతారావు,
తూకంలో గ్రాము వదలనివాడు.
ఆవిడ అడగలేదు.
సొరుగు తీసి నాలుగు బిళ్ళలు ఏరింది.
నా చేతిలో పెట్టలేదు.
బల్ల మీద పెట్టింది,
ఆ మూలనే,
సరిగ్గా ఆ రాతకి పైన.

నాలుగేళ్ళకి తెల్లమచ్చ తెగులు.
తాతారావు చెరువుల్లో రొయ్య రాత్రికి రాత్రి ఎర్రబడిపోయింది.
బల్ల ఎవరి చేతుల్లోకి పోయిందో తెలీదు,
పాలిష్‌కి నన్నెవరూ పిలవలేదు.

ఒక్క పని మిగిలిపోయింది.
ఆ రాత కింద "చెల్లు" అని చెక్కాలి.
రెండక్షరాలే.
లారీవాడు ఆగలేదు.