నాలుగు హద్దులు

రాజోలు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద
ముప్పై ఏళ్లుగా నా చేతికొకటే అలవాటు:
తూర్పు, పంటకాలువ.
దక్షిణం, నేలపూడి వారి కొబ్బరితోట.

ఇవాళ సరెళ్ల సుగుణమణిగారు వచ్చారు,
జాంబియాలో పదకొండేళ్లు నర్సు.
పక్కన నాలుగేళ్ల పిల్ల
నా ఇంకుప్యాడులో బొటనవేలు ముంచి
బల్లంతా అద్దుతోంది.

అక్కడి కోర్టు ఎప్పుడో ఇచ్చేసిందండి బిడ్డని,
ఎర్ర లక్క, పచ్చ రిబ్బను.
ఇక్కడే,
నోటరీ దగ్గరోసారి, అమలాపురం కలెక్టరేటులోసారి,
ఢిల్లీ నుంచి తిరుగుటపాలో ఇంకోసారి
తల్లినని ఒప్పించుకుంటోంది.

"కన్నతల్లి పేరు?" గడి మీద వేలుపెట్టాడు గుమాస్తా.
"తెలీదని రాయండి."
ఫ్యాను ఒక చుట్టు తిరిగాక,
"తెలీదని కాదు. చెప్పకుండా వెళ్లిందని రాయండి."
ఆ తేడా పట్టే గడి ఆ కాగితంలో లేదు.

పేరు నమసికు. రాత్రి పుట్టిందని అర్థమట.
గుమాస్తా నమశ్శివాయ దాకా వెళ్లిపోయాడు,
వెనక్కి పిలిచి అక్షరమక్షరం చెప్పాను
సర్వే నంబరు చెప్పినట్టు.

పుట్టిందీ ఏటి ఒడ్డునేనట. నీరొస్తే
ఊరు ఊరంతా పడవెక్కుతుందట.
"మా లంకలకీ అంతేనమ్మా, ఆగస్టొస్తే పడవే"
అన్నానో లేదో పిల్ల తలెత్తింది.
పడవ, దానికొచ్చిన ఆరు తెలుగు మాటల్లో ఒకటి.
మిగతా అయిదూ అడిగాను:
అమ్మ, అన్నం, వద్దు, చీమ, ఇంకా.

ముసాయిదా చివర, చెయ్యి దాని మానాన అది
తూర్పు, అని రాసేసింది.
అక్కణ్ణించి చూస్తే నిజమే,
తూర్పున సముద్రం, దాటితే ఈ అరుగు.
అయినా కొట్టెయ్యాలి. కొట్టివేత దగ్గర సంతకం ఉండాలి.
సుగుణమణిగారు కలం తీసేలోగా
పడింది అక్కడ, తడి ఆరని బొటనవేలు.

అంచున రాశాను:
కొట్టివేత ఒకటి. నిశాని నమసికుది.