సొంత కోరిక మీద

ఆఖరి రోజుల్లో మా నానమ్మ
మంచం కోడు పట్టుకుని వదల్లేదు.
ఆ ఆసుపత్రికి మాత్రం వద్దంది.
కొత్త రంగులేశారని చెప్పాం,
కిటికీల్లో పూలకుండీలు పెట్టారని,
పేరు కూడా మార్చేశారని.
"గోడలు మార్చారా?" అంది.

ఎందుకలా అందో అప్పుడు అడగలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు సఫోక్ రోడ్ల మీద బస్సు నడిపాను.
అద్దంలో వెనక్కి చూడటం తెలుసు గానీ
ఇంత వెనక్కి ఎప్పుడూ చూళ్ళేదు.

రికార్డుల గదిలోకి పెన్సిల్ తప్ప ఏదీ తేనివ్వరు.
వర్క్‌హౌస్ రిజిస్టరుని
మెత్తటి దిండు మీద పడుకోబెట్టి ఇచ్చారు.
అందులోని మనుషులకి
తలకింద ఏముండేదో.

అమ్మ చెప్పిన వంశంలో ఓడ కెప్టెన్లుండేవారు.
ఇక్కడ ఉన్నది
థర్జా గాడ్‌బోల్ట్, ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు.
ఒడిలో అమోస్, ఆరు వారాలు.
చేరిక: జూన్ ఇరవై, పద్దెనిమిది వందల అరవై రెండు.
తండ్రి పేరుండాల్సిన చోట ఒక అడ్డగీత,
పాళీ చీలి రెండు గీతలైంది.

శిక్షల పుస్తకంలో ఇంకోసారి దొరికింది.
నేరం: మగపిల్లల ఆవరణ గోడ పక్కన పాట పాడుట.
శిక్ష: రెండు రోజులు జున్ను లేదు.
పగలంతా తారు తాళ్ళు విప్పి పీచు తీసిన వేళ్ళతో
వట్టి రొట్టె తుంచుకుని ఉంటుంది.
ఏ పాటో రాయలేదు.

తర్వాత అన్నీ రాకపోకలే.
మే తొమ్మిది. పొద్దున విడుదల, సొంత కోరిక మీద, బిడ్డతో.
అదే రోజు సాయంత్రం చేరిక, బిడ్డతో.
పై ఏడూ అంతే. ఆపై ఏడూ.
"మళ్ళీ" అని అంచున రాశాడు గుమాస్తా.
ఇంకో ఏడాదికి ఆ మాట కింద గీత కూడా గీశాడు.

"తాగడానికెళ్ళేవాళ్ళండీ చాలామంది,"
అన్నాడు పుస్తకాలు అందించే కుర్రాడు, మర్యాదగానే.
కాదనలేదు.
కానీ వేళల పట్టికలు చదివి బతికినదాన్ని.
ఒకే తేదీన బండి కదిలిందంటే
ఎక్కడో ఎవరో ఎదురుచూస్తున్నట్టే.

జూన్ ఇరవై నుంచి వేళ్ళు మడుస్తూ వెనక్కి వచ్చాను.
ఆరు వారాలు. నలభై రెండు రోజులు.
మే తొమ్మిది.
పుట్టినరోజు.

గేటు దగ్గర యూనిఫాం విప్పించి
గంధకం వాసనేసే సొంత గౌను ఇచ్చి ఉంటారు.
పిల్లాడికి?
మూటలో ఉన్నది ఆరు వారాల చొక్కా.
అది ఐదేళ్ళవాడికి ఎలా పట్టిందో,
థర్జా దేన్ని కత్తిరించి దేనికి అతికిందో,
పుస్తకం చెప్పదు.

ఎక్కడికెళ్ళారో కూడా చెప్పదు.
అక్కణ్ణించి సముద్రం ఐదు మైళ్ళు.
నా బస్సుకి పద్నాలుగు నిమిషాలు, మూడు స్టాపులు.
చిన్న కాళ్ళకి, మధ్యలో ఎత్తుకున్నా,
మూడు గంటలు పోను, మూడు రాను.
మిగిలిన కాసేపూ ఒడ్డున.
ఇది నా ఊహే. వాళ్ళు ఏ కంచె పక్కనో
ఊరికే కూర్చున్నారేమో.

పదో మే.
విడుదల: ఇద్దరు.
చేరిక: ఒకరు.
ఈసారి గుమాస్తా "మళ్ళీ" అనలేదు.
అంచు ఖాళీగా ఉంది.
ఆ తెల్లటి జాగా మీద
పెన్సిల్ మొన ఆనించబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ పదేళ్ళవాణ్ణి ఏ చేపల పడవవాడు తీసుకున్నాడో
ఇంకో పుస్తకంలో వెతకాలి.
మా అమ్మ చెప్పిన కెప్టెన్
అక్కడ గిన్నెలు కడుగుతూ దొరుకుతాడనుకుంటా.

బయట నవంబరు వాన.
ఇంటికెళ్ళే బస్సు వదిలేసి
సముద్రం వైపు వెళ్ళేది ఎక్కాను.
స్టీరింగు ముందు డెంజిల్, నేను పని నేర్పినవాడే.
"ఈ వానలో ఇటెక్కడికి, లినెట్?"
"సొంత కోరిక మీద," అన్నాను.
అతనికి అర్థం కాలేదు.
వైపర్లు వేసి, గేరు మార్చాడు.