ఒర కుట్టే శనివారాలు

శనివారం శనివారం వాల్సాల్‌లో
బస్సు డిపో వెనక, పాత జీనుల కార్ఖానా మేడ మీద
డోరీన్ హాడ్లీ నాకు తోలు తడపడం నేర్పుతోంది.

స్పాంజితో ఒక్కసారి, అంతే.
"ఇక ఆగు" అంటుంది.
రంగు ముదురుతుంది, మెల్లగా తేరుకుంటుంది.
చెంపకు ఆనించి చూడాలి.
చల్లగా ఉండాలి, చెమ్మ అంటకూడదు.
జ్వరం దిగిన పిల్లాడి నుదురులా ఉన్నప్పుడే
కత్తి ఆనించాలి.

ఆగడం నాకు రాదు.
డయాలసిస్ వార్డులో పదకొండేళ్ళు,
మిషన్ మోగకముందే పరిగెత్తడం అలవాటు.
మొదటి ఆకును పచ్చితడి మీదే గీశాను,
గీత పెదవుల్లా మూసుకుపోయింది.
రెండోది మరీ ఆరాక గీశాను, అంచు చిట్లింది.
డోరీన్ ఆ రెండింటినీ గోడకు మేకు కొట్టింది.
అక్కడ ఆమె తప్పులు కూడా వేలాడుతున్నాయి,
ఒకదాని మీద పెన్సిలుతో 1971.

నా భాషలో తోలు ఎప్పుడూ బెదిరింపే.
తోలు తీస్తా. తోలు వలుస్తా.
వాడికి తోలుమందం, ఎన్నన్నా ఎక్కదు.
ఆ మాటను మెత్తగా పలికింది మా నాయనమ్మ ఒక్కతే,
అదీ తలుపులు మూసి.

మా ఆసుపత్రి పోర్టర్ క్లైవ్ షెడ్డులో కొలిమి పెట్టుకున్నాడు.
అరిగిన ఆకురాయిని సాగగొట్టి కత్తి చేశాడు,
జానెడు కూడా లేదు, చూపుకే తెగుతుంది.
ఒర నేను కుడతానన్నాను.
అంచుకూ కుట్టుకూ మధ్య సన్నని పట్టీ ఒకటి వేయాలి,
కత్తి దారాన్ని కొరక్కుండా.
మరిచాను.
మూడోసారి దూసేసరికి ఒర నిలువునా విచ్చుకుంది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు,
నా ఒరలో ఒక్కటే ఇమడలేదు.
క్లైవ్ వేలు చప్పరిస్తూ నవ్వాడు.

చేతికి అన్నీ గుర్తుంటాయంటారు, వంశం నుంచి.
అబద్ధం.
నా చేతికేం గుర్తులేదు.
ఆరె నేరుగా నా బొటనవేల్లోకే దిగింది.
పేర్లు మాత్రం తెలుసు: ఆరె, రంపె, గూటం.
తాత పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టి
నాన్న ఎవరికో ఇచ్చేశాడు,
తాలూకా ఆఫీసులో గుమాస్తా అయిన వారానికే.
అద్దె ఇంటికి వెళ్ళిన చోటల్లా
"మా నాయనది వ్యవసాయం" అనేవాడు.
ఆ మాట చెప్పేటప్పుడు
చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

రెండో ఒర మీద డోరీన్ ఓక్ ఆకులు వేయమంది.
నేను తంగేడు గీశాను.
అయిదు రేకులు, మధ్యలో కొంకి తిరిగిన కేసరాలు.
రేకు చుట్టూ తోలును అణిచి అణిచి
గూటంతో చిన్న దెబ్బలు, వరసగా, తొందరపడకుండా.
అణిచిన చోటు నల్లబడేకొద్దీ
అణచనిది పైకి లేచింది.
నాలుగో రేకు వంకరపోయింది. పోనీ.

"ఏం పువ్వది?"
"పసుపు పువ్వు. మావైపు బతుకమ్మలో పేరుస్తారు.
దీని చెక్కతోనే మా తాత లందలో తోలు పదును చేసేవాడు."
పువ్వు పండగలోకి వెళ్ళింది,
చెక్క ఊరవతల నానింది.
ఇది ఆమెకు చెప్పలేదు, ఇంగ్లీషులో అంత పొట్టిగా రాలేదు.
డోరీన్ దారానికి మైనం రుద్దుతూ
"మాకు ఓక్ చెక్క" అంది.
"అయితే మీ ఇంట్లోనూ ఆ కంపు ఉండేదన్నమాట.
మా నాన్న కోటు వాకిట్లోనే విప్పేవాడు."
వానొచ్చేలా ఉంది అన్నంత మామూలుగా.
సూదుల్లో దారం ఎక్కించి నాకు అందించింది.
ఒకే దారం, రెండు సూదులు,
ఒకే రంధ్రంలో ఎదురెదురుగా.

ఈసారి పట్టీ మరవలేదు.
కత్తి లోపలికి జారి, చివర్న చిన్నగా
టక్
అంది.
"అంచు ఇంకాస్త రుద్దు" అంది డోరీన్. అదే మెచ్చుకోలు.

సోమవారం ఉదయం, మూడో మంచం మీద
ముసలి మిస్టర్ పెంబర్టన్ ముక్కు ఎగబీల్చాడు.
"సిస్టర్, నీ దగ్గర గుర్రపుసాల వాసన వస్తోందేం?"
"తోలు పని చేస్తాను. మా తాతదీ అదే పని" అన్నాను.
చేతులు వెనక్కి పెట్టుకోలేదు.
ఎలా పెట్టుకుంటాను,
అతని నరం దొరికింది అప్పుడే,
సూది నా చేతిలో ఉంది.